శాతకర్ణి చిత్రము: సాక్ష్యము చూడని తీర్పులు

న్యాయస్థానమునకు వ్యాజ్యమొకటి వచ్చినప్పుడు వాది మాట వినుట మొదటి పని. ప్రతివాది మాట వినుట రెండవ పని. దస్తావేజు తెప్పించి చదువుట మూడవ పని. మొదటి రెంటికి ఓర్పు చాలును, మూడవదానికి శ్రమ కావలెను. ఆ శ్రమ పడక తీర్పు చెప్పిన న్యాయాధిపతిని మనమందఱమును నిందింతుము; పై కోర్టునకు పోయి ఆ తీర్పును కొట్టివేయింతుము. కాని మన పూర్వచక్రవర్తి యొకని విషయమున తెలుగుదేశమంతయు న్యాయపీఠమెక్కి, దస్తావేజు మొగమైనను చూడక, 2017వ సంవత్సరపు సంక్రాంతినుండి తీర్పుమీద తీర్పు చెప్పుచునే యున్నది. ఈ తీర్పులమీద అప్పీలు చేయుటకే నేడు కలము పట్టితిని.

ఆ సంవత్సరము జనవరి 12వ తేదీన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ చలనచిత్రము విడుదలయైనది. జాగర్లమూడి క్రిష్ దానికి దర్శకుడు. నందమూరి బాలకృష్ణకు అది నూఱవ చిత్రము. హేమమాలిని రాజమాత గౌతమీ బలశ్రీగను, కబీర్ బేడీ క్షహరాత ప్రభువగు నహపానునిగను నటించిరి. మొరాకోలోను జార్జియాలోను యుద్ధములు చిత్రించిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును దానికి వినోదపు పన్ను మాఫీ చేసినవి. ఆ చిత్రము రక్తి కట్టినదా లేదా యను విచారము నాది కాదు. దాదాపు రెండువేల యేండ్లనాటి శాతవాహన చక్రవర్తిని తెరమీద నిలుపుటకు పూనిన సాహసమునకు నేనును నమస్కరించుచున్నాను. నా వాదము చిత్రము తీసినవారితో కాదు, చూచినవారితో.

ఆ పండుగనాళ్లలోను తరువాతను కోర్టు ఆవరణమందలి కాఫీ హోటలులో, రైలుపెట్టెలో, పెండ్లిపందిళ్లలో నా చెవిని బడిన అభిప్రాయములకు లెక్క లేదు. వడపోసి చూడగా అవి మూడే. మొదటివాడు చెప్పునది యిది: “మన తెలుగురాజు అమరావతిలో కూర్చుండి అఖండ భారతమును ఏలినాడు. శంకించువాడు తెలుగుతల్లికి ద్రోహి.” రెండవవాడు చెప్పునది యిది: “ఆయన తెలుగువాడే కాడు, మహారాష్ట్రుడు. అంతయు కల్ల; ఈలలకొఱకు అల్లిన కట్టుకథ.” మూడవవాడు చెప్పునది యిది: “సినిమా సినిమాయే. రెండు గంటలు పొద్దుపోయినదా లేదా? చరిత్ర మన కేల?” మొదటివానికి గర్వమున్నది, రెండవవానికి సందేహమున్నది, మూడవవానికి రెండును లేవు. ముగ్గురికిని లేనిది సాక్ష్యము.

ఇంకొక ముచ్చట కూడ చెప్పక తప్పదు. ఈ చిత్రమునకు ఒక్క దినము ముందే మఱియొక ప్రసిద్ధ నటుని చిత్రము విడుదలయైనది. కావున శాతకర్ణి గొప్పవాడా కాడా యను ప్రశ్నకు పెక్కుమంది యిచ్చిన జవాబు, తాము ఏ నటుని అభిమానులమో దానినిబట్టి పుట్టినది! క్షహరాతులను గెలిచిన చక్రవర్తి కీర్తి, టిక్కెట్ల గదియొద్ద నిలిచిన రెండు గుంపుల కేకలలో ఏది హెచ్చునో దానిచే తేలవలసి వచ్చెను. పూర్వుల యెడ ఇంతకంటె అపచారము వేఱొకటి కలదా?

ఆ సాక్ష్యమెక్కడనున్నది? నాసికలో నున్నది. మనవారు వేలకొలది శిర్డీకి పోవుదురు. అచటినుండి నాసికకు పోయి గోదావరిలో స్నానమాడుదురు. త్ర్యంబకేశ్వరుని దర్శించి మరలుదురు. నాసికా నగరమునకు ఐదు మైళ్ల దూరమున పాండవ గుహలని పేరుబడిన కొండ యొకటి కలదు. శాసనములలో దాని పేరు త్రిరశ్మి. పాండవులకు దానితో నెట్టి సంబంధమును లేదు; అవి బౌద్ధభిక్షువులు వసించిన గుహలు. అందు మూడవ గుహ గోడమీద, ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో, మన చక్రవర్తి చరిత్ర చెక్కబడి యున్నది. మెట్లెక్కుటకు అరగంట చాలును. ఎక్కిన తెలుగువారెందఱు?

చెక్కించినది ఎవరు? ఆస్థానకవి కాడు, సేనాపతి కాడు. కొడుకు గతించిన పిమ్మట, మనుమడగు వాసిష్ఠీపుత్ర పులుమావి రాజ్యమునకు వచ్చిన 19వ యేట, ముదుసలి తల్లి గౌతమీ బలశ్రీ ఆ గుహను భిక్షుసంఘమునకు దానమిచ్చుచు, ఆ దానపత్రమున కొడుకును తలచుకొన్నది. మన దేశ చరిత్రలో ఒక మహారాజునుగూర్చిన ముఖ్యసాక్ష్యము పుత్రశోకము గల తల్లి వ్రాయించిన దానపత్రమై యుండుట ఎంత అపురూపము! చిత్రమున తల్లికి ఇచ్చిన పెద్దపీట కల్పన యని నవ్వినవారు ఈ గోడను చూడలేదు. అందు కొడుకు శక యవన పహ్లవులను సంహరించినవాడు. క్షహరాత వంశమును నిశ్శేషము చేసినవాడు. శాతవాహన కుల యశమును మరల నిలిపినవాడు. వాని వాహనములు మూడు సముద్రముల నీరు త్రావినవి. అంతటితో తల్లి ఆగలేదు. తప్పు చేసిన శత్రువునైనను చంపుటకు మనసొప్పనివాడనియు, పౌరుల సుఖదుఃఖములను తనవిగా నెంచినవాడనియు, ధర్మము దాటి పన్ను గొననివాడనియు, ఎడతెగక తల్లిని సేవించినవాడనియు చెక్కించినది. చూచినవారు కత్తిని చెప్పుకొనిరి. ఈ నాలుగు మాటలను చెప్పుకొన్నవారు నాకు కానరాలేదు.

ఇక మొదటివాని తీర్పును పరీక్షింతము. అఖండ భారతమని కదా వాని మాట. ఆ శాసనమే రాజు ఏలిన దేశముల జాబితా నిచ్చుచున్నది: ఋషిక, అశ్మక, ములక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతులు. అనగా గోదావరీ తీరమునుండి కొంకణము, కాఠియవాడము, నర్మదా తీరము, మాళవము వఱకు. ఇది అల్పరాజ్యము కాదు. కాని ఇందు మగధ లేదు, కాశి లేదు, గాంధారము లేదు. కన్నతల్లియే చెప్పని దేశములను కొడుకు ఖాతాలో వేయుటకు మనమెవరము? తల్లికంటె ఎక్కువ ప్రేమ మనకున్నదా?

చిత్రమున కడపటి యుద్ధము దిమిత్రియసు అను యవనరాజుతో జరుగును. దిమిత్రియసు బాక్ట్రియా యవనుడు. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్ది తొలినాళ్లవాడు. శాతకర్ణి క్రీస్తుశకపు తొలి రెండు శతాబ్దులలోనివాడు. నడుమ రెండువందల యేండ్లకు పైబడిన అంతరము. యవనులను జయించెనని శాసనము చెప్పుట నిజమే; ఏ యవనులనో పేరు చెప్పలేదు. కథకుడు పేరు కల్పించుకొనవచ్చును. అది కథకుని స్వాతంత్ర్యము. ఇంటికి వచ్చి బిడ్డలకు దానినే చరిత్రగా చెప్పుట మాత్రము చూచినవాని తప్పు.

మన సంకల్పములలో వినబడు శాలివాహన శకమును ఈ రాజే స్థాపించెనని మఱికొందఱు గట్టిగా నమ్ముదురు. క్రీస్తుశకము 78లో మొదలిడిన ఆ శకమును తమ నాణెములమీదను శాసనములమీదను తరతరములు వాడినవారు పశ్చిమ క్షత్రపులు. అనగా శాతవాహనులకు ప్రత్యర్థులగు శకులు! శాతవాహనులు తమ తమ పాలన సంవత్సరములనే వ్రాసికొనిరి. శాలివాహనుని పేరు ఆ శకమునకు చేరినది ఎన్నో శతాబ్దులు గడచిన పిమ్మట. ఇది వినుటకు చేదుగా నున్నది. చేదుగా నున్నదని మందు మానుదుమా?

రెండవవాడు నవ్వుచున్నాడు కాబోలు. వానికిని ఊరట లేదు. శాతవాహనుల రాజధాని గోదావరి మీది ప్రతిష్ఠానము. నేటి మహారాష్ట్రములోని పైఠణ్. శాసనముల భాష ప్రాకృతము. నాసిక జాబితాలో ఆంధ్రదేశపు పేరు లేదు. కొండల వరుసలో మహేంద్రగిరి పేరు మాత్రమున్నది. ఇవన్నియు నిజములే. కాని పురాణములు ఈ వంశమును ఆంధ్రులనియే పిలిచినవి. తెలంగాణమునందలి కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణెములు దొరకినవి. బలశ్రీ మనుమడు పులుమావి శాసనము అమరావతి స్తూపమునొద్ద దొరకినది. ఆనాడు మహారాష్ట్రమును లేదు, ఆంధ్రప్రదేశ్‌ను లేదు. రాష్ట్రపు హద్దులు మనము నిన్న గీసికొన్నవి. నిన్నటి సరిహద్దు రాయిని మోసికొనిపోయి రెండువేల యేండ్ల వెనుక పాతి, ‘ఇటువైపువాడా, అటువైపువాడా?’ యని రాజును అడుగుట ఏ న్యాయము? గోదావరి నాసిక కడ పుట్టి కోనసీమ కడ సముద్రమున కలియుచున్నది. ఆ నది ఎవరిదో తేల్చిననాడు ఆ రాజు ఎవరివాడో తేల్చుదము.

ఇక మూడవవాడు. ముగ్గురిలోను వీడే ఎక్కువ ప్రమాదకరుడు. ఏలయన వీనికి కోపము కూడ రాదు. ‘చరిత్ర మన కేల?’ అన్న వీని ప్రశ్నకు జవాబు త్రిరశ్మి కొండమీదనే యున్నది. ఇచట న్యాయవాదిగా మాటలాడుటకు పాఠకులు నన్ను మన్నింతురు గాక.

మూడవ గుహలోనే గౌతమీపుత్ర శాతకర్ణి తాను బ్రతికి యుండగా పంపిన ఆజ్ఞాపత్రములు రెండు చెక్కబడి యున్నవి. ఇవి స్తుతులు కావు, కార్యాలయపు కాగితములు. మొదటిది 18వ పాలన సంవత్సరమునాటిది. వైజయంతిలోని సేనాశిబిరమునుండి గోవర్ధనమందలి అమాత్యుడు విష్ణుపాలితునికి రాజు వ్రాయుచున్నాడు. పశ్చిమ కఖడి గ్రామములో అంతవఱకు ఋషభదత్తుని అధీనమున నున్న 200 నివర్తనముల పొలమును త్రిరశ్మి కొండ భిక్షువుల కిచ్చుచున్నామనును. పిమ్మట షరతులు: రాజోద్యోగులు ఆ పొలమున అడుగిడరాదు, దాని జోలికి పోరాదు, ఉప్పుకొఱకు త్రవ్వరాదు, మండలాధికారులు అడ్డుకొనరాదు. యుద్ధము గెలిచిన వేడి చల్లారక ముందే, శిబిరమున కూర్చుండి, తన సొంత ఉద్యోగులను ‘మీరు ఇచట అడుగు పెట్టకుడు’ అని శాసించిన రాజు మన శాతకర్ణి. శత్రువు చేతులు కట్టుట బలవంతుని పని. తన వారి చేతులు కట్టుట ధర్మాత్ముని పని.

రెండవ పత్రము 24వ సంవత్సరమునాటిది. శ్యామకుడను అమాత్యునికి వచ్చినది. ఇది రాజు పేరిటను, జీవించియున్న కొడుకు గల తల్లియైన రాజమాత పేరిటను కలిసి వెలువడినది. చెప్పిన సంగతి యిది: కఖడిలో మునుపు ఇచ్చిన పొలము దున్నబడుట లేదు, ఆ గ్రామమున జనులు కాపురముండుట లేదు, కావున దానికి మాఱుగా నగరపు సరిహద్దునందలి మా రాచపొలమునుండి 100 నివర్తనములు ఇచ్చుచున్నాము. పాఠక మహాశయులారా, ఈ నాలుగు పంక్తులను ఒక్కసారి నిలిచి చదువుడు. దానము ప్రకటించుట సులభము. ఏ ప్రభుత్వమైనను చేయును. ఇచ్చినది పుచ్చుకొన్నవానికి ముట్టినదా, పంట పండినదా యని ఆఱేండ్ల తరువాత విచారించి, పండలేదని తన పత్రములోనే ఒప్పుకొని, తన సొంత భూమినుండి మాఱు భూమి నిచ్చిన ప్రభువులు ఎందఱు? బీడుభూమికి పట్టాలు పొంది, సరిహద్దురాయి కానక, కచేరీల చుట్టు తిరుగు కక్షిదారులను నిత్యము చూచు నాకు, ఆ గోడముందు నిలిచినప్పుడు కన్నులు చెమర్చినవి. ‘చరిత్ర మన కేల?’ అన్నవాడా, ఇందు కొఱకు! ప్రభువును ఏమి అడుగవలెనో తెలిసికొనుట కొఱకు!

అదే కొండమీద పదవ గుహ కలదు. అందు ఋషభదత్తుని శాసనములున్నవి. ఇతడు నహపానుని అల్లుడు. మన చక్రవర్తికి పగవాడు. ఇతడు మూడులక్షల గోవులను దానమిచ్చెననియు, నదులకు ఉచితముగా పడవలు నడిపించెననియు, భరుకచ్ఛ దశపురాదులలో బాటసారులకు సత్రములు కట్టించెననియు, 3,000 కార్షాపణములను గోవర్ధనపు నేతగాండ్ర శ్రేణులయొద్ద వడ్డీకి ఉంచి భిక్షువులకు వస్త్రములు ఏర్పాటు చేసెననియు ఆ గోడ చెప్పుచున్నది. చిత్రములోని నహపానుడు సామంతుల బిడ్డలను చెఱబట్టు క్రూరుడు. నిజమైన క్షహరాతులు పరప్రభువులే కావచ్చును, వారిని తఱుముట కర్తవ్యమే కావచ్చును. కాని వారు రాక్షసులు కారు. శత్రువును రాక్షసుని చేసినగాని మనవాడు వీరుడు కాడనుకొనుట పిఱికిపందల తర్కము.

అన్నిటికంటె గొప్ప సంగతి వేఱొకటి. శాతకర్ణి ఆ కొండను గెలిచినాడు. ఋషభదత్తుని పొలమును తీసికొన్నాడు. అయినను ఋషభదత్తుని కీర్తిని చెప్పు ఆ గోడలు నేటికిని చదువుటకు వీలుగా నిలిచి యున్నవి. 1906లో నాసిక ప్రాంతమందలి జోగల్తెంబిలో 13,000కు పైగా నహపానుని వెండి నాణెములు దొరకినవి. వానిలో 9,000కు పైగా నాణెములమీద శాతకర్ణి తన ముద్ర వేయించినాడు. కరగించి క్రొత్తవి పోయింపలేదు. పెక్కింటిమీద ముద్ర క్రింద ఓడిన రాజు మొగము ఇంకను కనబడుచునే యున్నది. గెలిచినవాడు శత్రువు మాటను బ్రతుకనిచ్చినాడు. వాని పేర జయజయధ్వానములు చేయువారు చిత్రము బాగులేదన్న తోటి తెలుగువాని మాటను బ్రతుకనీయరు! గోడమీది అట్టలు చింపుదురు, తల్లులను తిట్టుదురు. తల్లి పేరే తన పేరుగా ధరించిన రాజు అభిమానులా వీరు?

మనకు నచ్చనివి ఆ గోడమీద లేవా? ఉన్నవి. నాలుగు వర్ణముల సాంకర్యమును మాన్పినవాడని తల్లి కొడుకును పొగడినది. నేటి మన చెవికి అది ఇంపైన మాట కాదు. ఇంపుగా లేదని దాచరాదు. ఆ మాట ప్రక్కనే ఇంకొకటి చదువవలెను: అదే కులపు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి మహాక్షత్రపుని కూతురిని, అనగా శకకన్యను, పెండ్లాడినట్లు కన్హేరి శాసనమువలన తెలియుచున్నది. గెలిచిన దేశములు కూడ నిలువలేదు. క్రీస్తుశకము 150నాటి జునాగఢ్ శాసనమున రుద్రదాముడు దక్షిణాపథపతియగు శాతకర్ణిని రెండు మాఱులు ఓడించి, దగ్గఱి చుట్టఱికము కలుగుటచే విడిచితినని చెప్పుకొన్నాడు. బలశ్రీ జాబితాలోని సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, ఆకరావంతులు ఆ రుద్రదాముని జాబితాలో మరల కనబడుచున్నవి. కత్తితో తెచ్చినది కొలది తరములలో పోయినది. కొండమీద వ్రాసిన నాలుగు పంక్తుల దానపత్రము మాత్రము నిలిచినది.

ప్రభుత్వములవారికి కూడ ఒక మాట. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చుటతో పాత వినోదపు పన్ను పోయినది. కాని నాడు పన్ను మాఫీ చేసినప్పుడు అది ఎవరి సొమ్ము? ప్రజల సొమ్ము. పన్ను తగ్గిన మేలు టిక్కెట్టు కొన్నవానికి ముట్టలేదని ప్రేక్షకుల పక్షమున నడచిన వ్యాజ్యము 2022లో సుప్రీంకోర్టువఱకును పోయినది. దాని మంచిచెడ్డలను నేనిచట విచారింపను. చరిత్ర పేరిట ప్రజల సొమ్ము వదలుకొన్నప్పుడు చరిత్రకు ఏమి చేసితిరని మాత్రమడుగుదును. ఆ సొమ్ములో నూఱవవంతుతో నాసిక శాసనములను తేట తెలుగున అచ్చొత్తించి ప్రతి పాఠశాలకును పంపియుండవచ్చును. ఇచ్చిన మేలు ముట్టినదా యని ఆఱేండ్లకు విచారించిన రాజు పేరిట ఇచ్చిన మాఫీ కదా! ముట్టినదా యని విచారించుట మీ విధి కాదా?

ఇది ఒక చిత్రము సంగతి మాత్రమే కాదు. సాక్ష్యము చూడక పొగడుటకు అలవాటుపడిన జాతి, సాక్ష్యము చూడక నమ్ముటకును అలవాటుపడును. నేడు తెరమీది రాజునకు జేకొట్టినవాడు రేపు వేదికమీది నాయకునికి అదే గొంతుతో జేకొట్టును. ఏ లెక్కయు అడుగడు, ఏ కాగితమును చూడడు. అట్టి ప్రజను ఏలుటకు కత్తి కూడ అక్కఱలేదు, డప్పు చాలును. స్వరాజ్యమన నిది కాదు. తన పూర్వుల కాగితములను తానే చదివి, తన పాలకుల కాగితములను తానే అడుగగల ప్రజకు మాత్రమే స్వరాజ్యము నిలుచును.

కావున సోదరులారా, సోదరీమణులారా, చిత్రము చూడుడు. నచ్చిన నచ్చినదనుడు, నచ్చకున్న నచ్చలేదనుడు. అది మీ హక్కు. రాజును గూర్చి తీర్పు చెప్పుటకు మాత్రము ముందు దస్తావేజు చదువుడు. ఈమాఱు శిర్డీకి పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకొని త్రిరశ్మి కొండ ఎక్కుడు. బిడ్డలను కూడ తీసికొనిపొండు. పదవ గుహలో పగవాని మాట వినిపింపుడు. మూడవ గుహలో తల్లి మాట వినిపింపుడు. అప్పుడు తీర్పు చెప్పుడు. ఆ తీర్పు ఏదైనను నేను తల వంచెదను.